పరుగెత్తని 'రన్'

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు నన్ను అడిగేవి ఎక్కువగా వీసా సంగతులు, అద్దె ఇళ్ళ సంగతులు. ఈ మధ్య ఒక అమ్మాయి వేరే సందేహం తెచ్చింది. "బాబాయిగారూ, చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. పెద్ద పెద్ద మాటలు తెలుసు. ఇక్కడివాళ్ళు వాడే చిన్న మాటలే అంతుపట్టడం లేదు" అంది.

నిజమే. పెద్ద మాటలు పరీక్షల కోసం బట్టీ పట్టాం. చిన్న క్రియలను ఎవరూ నేర్పలేదు. వాటిలో అందరికంటే ఘటికురాలు 'రన్'. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 ముద్రణలో 'సెట్' క్రియకు 430 అర్థాలిచ్చి దానికే పెద్దపీట వేశారు. తర్వాత సవరణకు కూర్చున్న సంపాదకులు 'రన్'కు 645 అర్థాలు లెక్క తేల్చారని 2011లో పత్రికల్లో వచ్చింది.

అంతమాత్రాన బెంబేలెత్తకండి. మనమూ ఈత కొడతాం, టెంకాయ కొడతాం, గొప్పలు కొడతాం, బండికి పెట్రోలు కొట్టిస్తాం. వీటిలో ఎవరికీ దెబ్బ తగలదు. 'రన్' దగ్గర మాత్రం తెలుగు దేనికి దానికి వేరే మాట పెట్టుకుంది. ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది, బస్సు నడుస్తుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ 'రన్'తోనే గడిచిపోతాయి. అందుకే ఆ మాట చెవిన పడగానే పరుగు సంగతి పక్కన పెట్టి, దేని గురించి మాట్లాడుతున్నారో చూడండి.

తర్వాత చూడవలసింది దాని తోక. పాలు 'రన్ అవుట్' అయ్యాయంటే నిండుకున్నాయని. మనకేమో క్రికెట్ గుర్తొస్తుంది. 'రన్ ఇంటూ' అంటే దారిలో తెలిసినవారు అనుకోకుండా ఎదురుపడటం. సమావేశం 'రన్ ఓవర్' అయితే సమయం మించిపోయిందని, మనిషి అయితే బండి కింద పడ్డాడని.

ఆఫీసులో ఎక్కువ తిప్పలు పెట్టేది 'రన్ బై'. నాకు తెలిసిన కుర్రవాడితో మేనేజరు, క్లయింటుకు పంపే ముందు 'రన్ ఇట్ బై మీ' అంది. తనకొకసారి చూపించి సరేననిపించుకోమని ఆమె ఉద్దేశం. మనవాడు ప్రోగ్రామర్ కదా, రాత్రి కూర్చుని పరీక్షలన్నీ రెండుసార్లు రన్ చేసి, లోపాలేవీ లేవని నిర్ధారించుకుని, నేరుగా క్లయింటుకే పంపేశాడు. మర్నాడు ఆమె నిలదీస్తే, రాత్రి నడిపిన పరీక్షల ఫలితాలు తెరిచి చూపించాడట!

రోడ్డు మీద ఇదే మాట జేబుకు చిల్లు పెడుతుంది. స్టాప్ సైన్ 'రన్' చేశారని పోలీసు బండి ఆపితే, "నేను వేగంగా రాలేదండీ, నెమ్మదిగానే దాటాను" అని వాదించకండి. ఆ మాటకు వేగంతో పనిలేదు. చక్రాలు పూర్తిగా ఆగకుండా దాటడమే తప్పు. నెమ్మదిగా దాటానంటే ఆ తప్పును మీ నోటితో మీరే ఒప్పుకున్నట్లు.

కారు కొనడానికి వెళ్తే, మీ క్రెడిట్ 'రన్' చేస్తామంటారు. కార్డు గీకడాన్నీ 'రన్' చేయడమే అంటారు గానీ, ఇది అది కాదు. మీ అప్పుల చరిత్ర తెప్పించుకుని చూస్తారన్నమాట. వెంటనే తలూపకండి. అది 'హార్డ్' విచారణా, 'సాఫ్ట్' విచారణా అని అడగండి. మొదటిదైతే మీ క్రెడిట్ స్కోరు కాస్త తగ్గవచ్చు, ఆ నమోదు రెండేళ్ళు ఉంటుంది. నాలుగు చోట్ల కారు రుణం అడగాలనుకుంటే రెండు వారాల్లోపు అన్నీ ముగించండి. సాధారణంగా స్కోరు లెక్కలో అవన్నీ ఒకే విచారణ కిందికి వస్తాయి.

ఎన్నికల్లో మాత్రం బ్రిటన్‌వాళ్ళు మనవైపే. వాళ్ళ అభ్యర్థులూ మనవాళ్ళలాగే నిలబడతారు. పోటీ చేయడాన్ని 'రన్' అంటూ పరుగెత్తేది అమెరికా అభ్యర్థులే, ఆ ప్రచారాల ఆర్భాటం చూస్తే సరైన మాటే అనిపిస్తుంది.

డాక్టరు దగ్గర జాగ్రత్త అవసరం. మీ కుటుంబంలో షుగరు 'రన్' అవుతుందా అని అడిగితే, ఇప్పుడు ఇంట్లో ఎవరికి ఉందని మాత్రమే కాదు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు, పోయిన తాతయ్య కూడా లెక్కలోకి వస్తారు. 'ది రన్స్' అంటే విరేచనాలు. మనం అలవాటుగా చెప్పే 'లూజ్ మోషన్స్' ఇక్కడి నర్సులు చాలామందికి అర్థం కాదు, 'డయేరియా' అనండి.

పిల్లవాడు 'రన్నింగ్ ఎ ఫీవర్' అని బడి నుంచి ఫోను వస్తే, వాడికి జ్వరం తగిలిందని, వచ్చి తీసుకెళ్ళమని. సాధారణంగా 100.4 ఫారన్‌హీట్‌కు చేరితే ఇంటికి పంపుతారు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే చాలా బడుల్లో తిరిగి రానిస్తారు. కాబట్టి మర్నాటికి కూడా ఆఫీసులో సెలవు చెప్పే బయలుదేరండి.