కొట్టేసిన రెండు వాక్యాలు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. యుద్ధం వస్తే పత్రికల నోరు నొక్కేస్తున్నారని మంచి కోపం మీదే రాశావు. కానీ నాలుగు పేజీల్లో ‘ప్రజాస్వామ్యం’ పదకొండుసార్లు వచ్చింది, సైనికుడు ఒక్కసారీ రాలేదు. అందుకే ముందు ఒక ఉత్తరం సంగతి చెబుతాను.

1999, కార్గిల్ రోజులు. నేను డెస్కులో సబ్‌ఎడిటర్ని. ఒక పల్లె నుంచి మా కంట్రిబ్యూటర్ వార్తతోపాటు ఇన్‌లాండ్ లెటర్ జిరాక్సు ఒకటి పంపాడు. మీద సైనికుల ఉత్తరాలకు ఉండే మామూలు చిరునామానే, 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. లోపల అమ్మ మోకాళ్ల నొప్పులు, చెల్లెలి పెళ్లిచూపులు, ఎరువుల కొట్లో బాకీ. వాటి మధ్యన, సెన్సారు కళ్లు ఎలా తప్పించుకున్నాయో గానీ, రెండు వాక్యాలు: తమ కంపెనీ ఎక్కడ ఆగిందో, ఎన్నాళ్లకు కొండ మీదికి కదులుతుందో. ‘వేసుకో నాయనా, మావోడి రాత అందరూ చూస్తారు’ అని ఆ తల్లి సంబరంగా ఇచ్చిందట. ఆ రెండూ కొట్టేసి, మిగతాదంతా బాక్సు కట్టి వేశాను. ఏ అధికారీ ఫోన్ చేయలేదు, ఏ చట్టమూ గుర్తు రాలేదు. ఆ కుర్రాడు ఇంకా కొండ ఎక్కలేదు, అంతే.

ఇప్పుడు గల్వాన్‌కి రా. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని ఆ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుతో సహా ఇరవై మంది పోయారు. మర్నాడు సైన్యం ముందు ముగ్గురంది, రాత్రికి ఇరవై అంది. 19న అఖిలపక్షంలో ప్రధాని మన భూభాగంలోకి ఎవరూ రాలేదన్నారు. ఆగస్టులో రక్షణశాఖ వెబ్‌సైట్లోనే ఒక పత్రం కనబడింది: మే 17, 18 తేదీల్లో కుగ్రాంగ్ నాలా, గోగ్రా, పాంగాంగ్ సరస్సు ఉత్తర ఒడ్డున చైనా హద్దు మీరిందని. పేపర్లో వార్త రాగానే అది మాయమైంది. పాంగాంగ్ ఒడ్డున నిలబడ్డదెవరో చైనావాడికి తెలుసు, నిలబడ్డది వాడే కదా. మన సైన్యానికీ తెలుసు. తెలియనిదల్లా సూర్యాపేట బస్టాండులో పేపరు కొనుక్కున్న మనిషికి. నీ దగ్గరికి రహస్యం ఏదొచ్చినా మొదట ఇదే అడుగు: ఇది ఎవరికి తెలియకుండా దాస్తున్నారు?

చైనా మరీ ఘోరం అనుకో. తమవాళ్లు నలుగురు పోయారని ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ లెక్క మీద అనుమానంగా నెట్లో రాసిన మాజీ పాత్రికేయుడికి ఎనిమిది నెలల జైలు వేశారు.

మనవాళ్లలో ఏ పార్టీనీ వెనకేసుకు రానక్కర్లేదు. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక 1963లో తయారైంది. 2010లో అప్పటి రక్షణమంత్రి ఆంటోనీ, అందులోది ఇప్పటికీ సైనికంగా కీలకమని పార్లమెంటులో చెప్పారు. 2014 మార్చిలో ప్రతిపక్షంలో ఉన్న జైట్లీ దాన్ని దాచడం తప్పన్నారు. జూలైలో రక్షణమంత్రి కుర్చీలోంచి, బయటపెడితే దేశానికి మంచిది కాదన్నారు. నాలుగు నెలల్లో నివేదికలో అక్షరం మారలేదు.

అయితే మన మీడియావాళ్లూ తక్కువ తినలేదు. 2008 నవంబరు ముంబయి దాడులప్పుడు నారిమన్ హౌస్ మీదికి కమాండోలు హెలికాప్టర్లోంచి తాళ్లు పట్టుకుని దిగుతుంటే టీవీలు లైవ్ ఇచ్చాయి. ఉగ్రవాదులను ఫోన్లో ఆడిస్తున్నవాళ్లు పాకిస్తాన్లో అవే ఛానళ్లు చూస్తూ కూర్చున్నారు. కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగానే తప్పుపట్టింది. ఇక ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, 2025 మే 8 రాత్రి కరాచీ రేవు ధ్వంసమైందని కొన్ని ఛానళ్లు ఊదరగొట్టాయి. తెల్లారి చూస్తే రేవు ఎక్కడిదక్కడే ఉంది. మన యుద్ధవిమానాలు పోయిన మాట త్రిదళాధిపతి స్పష్టంగా ఒప్పుకున్నది మాత్రం మే 31న, సింగపూర్లో, విదేశీ టీవీతో. రేవు పేల్చిన యాంకర్లలో ఒక్కరైనా ఆ మూడు వారాలూ ఆ ప్రశ్న పట్టుకుని వెంటపడ్డారా?

ఇక చట్టం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం, ఐదో సెక్షను చదువు. కాగితం ఇచ్చినవాడినే కాదు, తెలిసి పుచ్చుకున్నవాడినీ పట్టుకుంటుంది. 2019లో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు పత్రాలు ‘ది హిందూ’లో వచ్చినప్పుడు ప్రభుత్వం అవి దొంగిలించిన కాగితాలు, చూడొద్దని కోర్టుకు చెప్పింది. సుప్రీంకోర్టు వినలేదు. దాన్ని చూసుకుని మరీ ధీమా పడకు. కాగితం వస్తే ముందు ఎడిటర్‌కీ లాయరుకీ చూపించు. తర్వాత అవతలివాళ్లకు, అంటే సైన్యానికో రక్షణశాఖకో, ఫోన్ చెయ్యి. ‘మొత్తం ఆపెయ్యండి’ అంటే ఎందుకో రాతపూర్వకంగా అడుగు. ‘ఈ పేరా వద్దు, మా వాళ్లింకా అక్కడే ఉన్నారు’ అంటే కూర్చుని విను.

వ్యాసం దీంతోపాటే పంపుతున్నాను. మూడో పేజీలో ఆ వంతెన పేరూ, దాని మీదుగా బండ్లు పోయే వేళా ఎర్రసిరాతో కొట్టేశాను. ఆ పక్కనే మంత్రిగారి జవాబు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అక్కడ మార్జిన్లో నాలుగు ప్రశ్నలు రాశాను, వెళ్లి అడుగు.

మీ నాన్నగారి కంటి ఆపరేషన్ అయిందా? రాయి.