బూతులో కూర్చోబోయే మేనకోడలికి

విజయనగరం,
9 మే 2024, గురువారం.

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు సోమవారం ఓట్లప్పుడు బూతులో పార్టీ ఏజెంటుగా కూర్చుంటాదట. నా మాట వినట్లేదు, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. ఏ పార్టీకి అని అడిగాను. చెప్పింది. కాసేపు నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక, పడుకున్న మీ అత్తని లేపి మరీ చెప్పాను. మన ఊరి బూతులో ఏజెంటు కుర్చీ మీద మొదటిసారి ఒక ఆడపిల్ల కూర్చోబోతోంది, అది మన పిల్లే అని. "అవతలి పార్టీకి కదా" అంది మీ అత్త. అయితే ఏమైంది అన్నాను. అన్నానే గానీ తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ఈ ఉత్తరంలో పార్టీల పేర్లు రాయను. మనవడు ఈ కాయితాలు ఫొటో తీసి నీ వాట్సాప్‌కి పంపుతాడు, అక్కడి నుంచి ఎవరి ఫోన్‌లోకి పోతాయో దేవుడికెరుక. 1983 నుంచి 2009 దాకా నేను ఏ వైపు కూర్చున్నానో నీకు తెలుసు. నువ్వు ఏ వైపో నాకు తెలిసింది. చాలు.

ముందు పని సంగతులు. నిన్ను ఏజెంటుగా పెడుతున్నట్టు రాసిచ్చే ఫారం 10 మీద అభ్యర్థి గానీ, ఆయన ఎన్నికల ఏజెంటు గానీ సంతకం పెట్టి ఉండాలి. అది ఆదివారం సాయంత్రానికే నీ చేతికి రావాలి. పొద్దున్నే బూతు దగ్గర ఇస్తామంటే ఒప్పుకోకు. పోలింగు ఏడింటికి, కానీ మెషీన్ సరిగ్గా ఉందో చూసే మాక్ పోల్ గంటన్నర ముందే. ఐదున్నరకల్లా నువ్వు లోపల ఉండాలి. కనీసం 50 ఓట్లు వేసి చూపిస్తారు. మీ గుర్తుకి వేసినవి మీకే పడ్డాయని మురిసిపోయి ఊరుకోకు, ఆ తర్వాత చేసేది చూడు. క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఆ మూడో బటన్ నొక్కి మెషీన్ సున్నా చూపించాకే అసలు పోలింగు మొదలవ్వాలి. బయట క్యూ అరుస్తుంటే ఆ కంగారులో క్లియర్ మరిచిపోయిన, బూతు నడిపే ప్రిసైడింగ్ ఆఫీసర్లు ఉన్నారు. ఓటు చీటీ చూపించే వీవీప్యాట్‌లో పడ్డ మాక్ పోల్ చీటీలు కూడా తీసేసి, పెట్టె ఖాళీగా ఉందని చూపించాలి. అసెంబ్లీకీ పార్లమెంటుకీ వేర్వేరు మెషీన్లు కాబట్టి అన్నిటి నంబర్లూ రాసుకో. ఫోన్ లోపలికి రానివ్వరు. రెండు పెన్నులు పట్టుకెళ్లు.

పొద్దున్నే చోడి అంబలి తాగి వెళ్లు. మధ్యాహ్నం పార్టీ వాళ్లు పంపే పలావు పొట్లం ఈ ఎండలకి ఎంతసేపు నిలవ ఉందో తెలీదు, తినకు. అమ్మని పెరుగన్నం పంపమను. ఇంకో మాట, బడిలో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తలుపు ఉందో లేదో ఆదివారమే వెళ్లి చూసుకో. అది లేదని నీళ్లు తాగకుండా కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోతావు. నీ బదులు కాసేపు కూర్చునే మనిషిని కూడా ముందే రాయించుకో. ఈ మరుగుదొడ్డి సంగతి మీ అత్త చెప్పింది. ఇరవయ్యారేళ్లు బూతుల్లో కూర్చున్నవాడికి తట్టలేదు చూడు.

సాయంత్రం ఆరింటికి క్యూలో ఉన్న వాళ్లందరికీ చీటీలు ఇస్తారు, చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకి. అలా కాకుండా ముందు నుంచి ఇస్తూ పోతే వెనకాల మనుషులు చేరుతూనే ఉంటారు, గొడవలు అక్కడే వస్తాయి. 2019 ఏప్రిల్ 11 గుర్తుందా? మెషీన్లు మొరాయించి రాష్ట్రంలో చాలాచోట్ల చీకటి పడ్డాక కూడా పోలింగు నడిచింది. ఈసారి అలా జరిగితే ఒక్కదానివీ నడిచి ఇంటికి రాకు. తమ్ముడు వచ్చి గేటు బయట నిలబడతాడు, నేను వాడికి చెప్పాను. సిగ్గుపడకు. నీ పక్కన కూర్చున్న అవతలి ఏజెంటు కూడా పెద్దవాడైతే, చీకట్లో ఒక్కడే వెళ్తుంటే, తమ్ముణ్ణి వాళ్లింటి దాకా దిగబెట్టి రమ్మను.

ఇక అసలు రాయాలనుకున్నది.

1989 నవంబరు. వరి కోతల రోజులు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అప్పటికే రెండు ఎన్నికలు చూశాను. 1983 జనవరిలో అయితే మధ్యాహ్నానికే లోపల కూర్చున్న ఏజెంట్లందరికీ తెలిసిపోయింది, తొమ్మిది నెలల కిందట పుట్టిన పార్టీ గెలుస్తోందని. ఆడవాళ్లు వచ్చిన వరస అలా ఉంది. ఆ అనుభవంతో నేనేదో ఆరితేరాననుకున్నాను. 1989లో ఒక నాయకుడు ముందు రోజు రాత్రి మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్క దొంగ ఓటు పడినా ఏజెంటుదే బాధ్యత అని గట్టిగా చెప్పాడు. నేను రాత్రంతా లాంతరు దగ్గర కూర్చుని ఓటర్ల లిస్టులో చనిపోయినవాళ్ల వరసల మీద ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను.

మన వైపు సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు లేదు కదా. మన బూతులో ఎంతమంది అప్పలమ్మలో, ఎంతమంది అప్పలనరసమ్మలో. అందులో ఇద్దరు అప్పలమ్మల పేర్లు ఒకదాని కింద ఒకటి. ఒకామె ఆ ఏడాదే పోయింది. రెండో ఆమె కొడుకుతో విశాఖపట్నం వెళ్లిపోయి, అక్కడ ఇళ్లు కట్టే పనుల్లో మట్టి మోసేది. ఓటు కోసమని ఆ పొద్దున్నే పాసింజరు బండిలో వచ్చి చీపురుపల్లి స్టేషన్‌లో దిగి, అక్కణ్ణించి నడుచుకుంటూ వచ్చింది.

పోలింగ్ ఆఫీసరు నంబరు, పేరు చదివాడు. నా లిస్టులో ఆ వరస మీద ఎర్ర గీత. లేచి అభ్యంతరం అన్నాను. అభ్యంతరానికి కట్టాల్సిన ఫీజు, రెండు రూపాయలు, బల్ల మీద పెట్టాను. ఇది చనిపోయిన అప్పలమ్మ ఓటు, ఈమె చేత వేయిస్తున్నారు అన్నాను. అప్పటికి ఓటరు కార్డులు లేవు, అవి ఎన్నికల కమిషనరు శేషన్ గారి కాలంలో 1993లో మొదలయ్యాయి. మనిషిని చూసి మనిషే చెప్పాలి. ఏజెంటు ఊరివాడై ఉండేది అందుకే.

ప్రిసైడింగ్ ఆఫీసరు వేరే ఊరి మాస్టారు. మర్యాదగానే, "మీ ఆయన పేరు చెప్పమ్మా" అన్నారు.

ఆమె చెప్పలేదు. మొగుడి పేరు పలికే రోజులా అవి? అందులోనూ అంతమంది మగవాళ్ల మధ్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మాస్టారు మళ్లీ అడిగారు. వెనక క్యూలో ఎవడో నవ్వాడు. అప్పుడామె నా వైపు చెయ్యి చూపించి, "ఆ బాబుకి తెలుసు. ఆ బాబునడగండి" అంది.

నేను లిస్టులోకి చూశాను. ఆ వరసలో ఉన్న భర్త పేరు ఆమె మొగుడిదే. లాంతరు వెలుగులో నా ఎర్ర పెన్సిలు ఒక వరస కిందికి జారింది. నా తప్పు నాకు ఆ క్షణమే తెలిసింది. పొరపాటయింది మాస్టారూ, ఆమె మొగుడి పేరు ఫలానా అంటే అయిపోయేది. అటు పక్క ఏజెంట్లు ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను తల ఎత్తలేదు.

ఎంతసేపో కాదు, నిమిషం ఉంటుందేమో. ఆమె వెనక్కి తిరిగి గడప దాటింది. అప్పుడు అవతలి ఏజెంటు లేచి ఆ పేరు గట్టిగా చెప్పాడు. మాస్టారు కేకేశారు. ఆమె తిరిగి చూడలేదు. నా రెండు రూపాయలు ఆయన వేలితో నా వైపు నెట్టారు.

ప్రభుత్వం మారింది. రామారావు గారు దిగి, చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. మన ఊళ్లో ఒక వీధిలో డప్పులు, ఇంకో వీధిలో పొద్దుగూకకుండానే తలుపులు వేసుకున్నారు. నేను ఆ సందడిలో ఉండలేక ఆమె ఇంటికి వెళ్లాను. కోతల కోసం ఆగిపోయి ఊళ్లోనే ఉంది. చాప వేసింది. "ఎవులు గెలిసినారు బాబూ?" అంది. చెప్పాను. "అలగా" అంది. నా పొరపాటు ఎలా జరిగిందో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వినకుండా, "ఆ పేరు నా నోటంట ఎలగొస్తాది బాబూ, నీకు తెలుసు గదా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

1994లో నేనే బండి కట్టించుకుని వాళ్లింటికి వెళ్లాను, ఓటుకి తీసుకెళ్దామని. "నాను సచ్చిపోనాను గదా బాబూ" అని నవ్వింది. రాలేదు. 1999కి నిజంగానే లేదు. ఆ వరస మీద గీత మళ్లీ నేనే గీయాల్సి వచ్చింది.

ఇప్పుడు కార్డులున్నాయి, ఫొటోలున్న లిస్టులున్నాయి, ఈసారి 85 ఏళ్లు దాటినవాళ్లకి ఇంటికే వచ్చి ఓటు వేయించుకునే వీలు కూడా పెట్టారు. అయినా నీ చేతిలో కూడా ఒక లిస్టు పెడతారు, ఊళ్లో లేనివాళ్లు, వలస పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని. దాన్ని నమ్మకు. శని, ఆదివారాలు ఇంటింటికీ తిరిగి సరిచూసుకో. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ బస్సుల్లో నిలబడి వచ్చే మన వాళ్లు అందులో సగం పేర్లలో ఉంటారు. నిజంగా దొంగ ఓటు వస్తే ఊరుకోమనడం లేదు. లేచి నిలబడు, ఫీజు ఇప్పటికీ రెండు రూపాయలే. ఎవరి ఓటైనా ముందే ఇంకొకరు వేసేసి ఉంటే, వాళ్లని ఏడుస్తూ వెళ్లిపోనివ్వకు, టెండరు ఓటు అడగమను, దానికి కాయితం బ్యాలెట్ ఇస్తారు. వాళ్లు మీ పార్టీ వాళ్లు కాకపోయినా చెప్పు. పొరపాటు నీదైతే మాత్రం, గదిలో ఎవరు చూస్తున్నా సరే, వెంటనే చెప్పెయ్యి.

ఎవరు వచ్చి ఓటేశారో బూతులో నువ్వు గీతలు పెట్టుకున్న లిస్టు బయటికి తీసుకురాకూడదని రూలు ఉంది. నేను వేరే కారణానికి చెబుతున్నాను. జూన్ 4న లెక్కింపు. పోయినసారి మన జిల్లాలో 9కి 9 సీట్లూ ఒకే వైపు వెళ్లాయి. ఈసారి ఏమవుతుందో నేను చెప్పను, నా జోస్యాలు మీ అత్త దగ్గరే చెల్లవు. ఒకవేళ మారిందే అనుకో. ముఖ్యమంత్రి ప్రమాణం టీవీలో చూస్తాం. మన ఊళ్లో మారేది ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు, రేషన్ డీలరు, బడిలో అన్నం వండే ఆమె. వాళ్లని తీసేయడానికి ఎవరు ఎటు వేశారో చెప్పే మనిషి కావాలి. బూతులో పొద్దుట్నించి రాత్రి దాకా మొహాలు చూసిన ఏజెంటు కన్నా ఎవరికి తెలుస్తుంది?

ఆ లిస్టు నన్నూ ఒకసారి అడిగారు. ఏ ఏడాదో, ఎవరో వద్దు. నేనివ్వలేదు. ఇంకొకడు ఇచ్చాడు. బడిలో వంట చేసే ఆమె పని పోయింది. నేను ఇవ్వకపోవడం వల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు, నిజమే. మొన్న సంక్రాంతికి ఆమె మా ఇంటికి అరిసెలు పంపింది. నిన్ను అడిగితే మా మామయ్య చంపేస్తాడని చెప్పు, నా మీదకి తొయ్యి. ఊరేగింపు వెళ్తే వెళ్లు, వయసు అలాంటిది. ఓడిన వాళ్ల గుమ్మం ముందు ఆగి డప్పు కొట్టిస్తుంటే మాత్రం ఇంటికి వచ్చెయ్యి. బెట్టింగుల సంగతి తమ్ముడికి విడిగా చెబుతాను, వాడి మీద నాకు అనుమానంగానే ఉంది.

పోలింగు అయిపోయాక, ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్క రాసే ఫారం 17సి నకలు చేతిలో పడకుండా కుర్చీ లేవకు. రెండు ఓట్లు కదా, రెండు ఫారాలు. మెషీన్ చూపించిన మొత్తం, రిజిస్టరులో సంతకాల లెక్క సరిపోయాయో లేదో చూసుకో. లెక్కింపు రోజు మీ వాళ్ల చేతిలో ఉండే ఆధారం అదే. అది తీసుకుని బయటికి రాగానే, రాత్రి ఎంతయినా, నాకు ఫోన్ చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

నా ఓటు ఇంకా మన బూతులోనే ఉంది, తెలుసు కదా. మోకాలు ఎలా ఉన్నా సోమవారం పదింటికల్లా ఆటోలో వస్తాను. పోలింగ్ ఆఫీసరు నా పేరు చదివినప్పుడు "మామయ్యా" అని లేవకు. అందరినీ చూసినట్టే తల ఎత్తి నన్ను చూడు, నీ లిస్టులో వరస సరిగ్గా ఉందో లేదో చూసుకుని గీత పెట్టుకో. ఓటు ఎవరికి వేశానని సాయంత్రం అడగకు.

మీ అత్త ఆవకాయ పంపిస్తోంది, సీసా తిరిగి ఇవ్వాలట.

ఇట్లు,
మీ మామయ్య