ఫైర్‌ప్లేస్ పైన టీవీ: బ్రాకెట్ కొనక ముందే గోడ వేడిని కొలవండి

హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉందని, దాని పైన గోడ బోసిగా ఉందని, మాంటెల్ (ఫైర్‌ప్లేస్ పైన గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే అర) లేదని, అక్కడ 65 అంగుళాల టీవీ బిగిస్తే వేడికి పాడవుతుందా అని మీరు అడిగారు. టీవీ వెనుక అల్యూమినియం ఫాయిల్ అతికిస్తే సరిపోతుందా అన్నది మీ రెండో ప్రశ్న. ఫాయిల్ మాత్రం వద్దు, కారణం కింద రాస్తాను. మొదటి ప్రశ్నకు మీ గోడను కొలవకుండా ఎవరూ ఖచ్చితంగా జవాబు చెప్పలేరు. మా ఇంట్లోనూ ఇలాగే గ్యాస్ ఫైర్‌ప్లేస్ మీద టీవీ ఉంది. దాన్ని బిగించక ముందు, బిగించిన తర్వాత గమనించిన విషయాలను ఆధారం చేసుకుని ఇది రాస్తున్నాను.

టీవీ ఎంత వేడిని తట్టుకుంటుందో దాని మాన్యువల్‌లోనే ఉంటుంది. చాలా టీవీలకు పని చేసే సమయంలో చుట్టూ ఉండే గాలి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని రాసి ఉంటుంది. ఇది టీవీ లోపలి వేడి కాదు, టీవీ పీల్చుకునే గాలి వేడి. మీరు చెప్పిన సైజు టీవీ నడుస్తున్నప్పుడు సుమారు వంద నుంచి రెండు వందల వాట్ల కరెంటు తీసుకుంటుంది, అందులో చాలా భాగం వేడిగా మారి, ఎక్కువగా వెనుక ఉన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. లోపలికి వచ్చే గాలే 45 డిగ్రీలుంటే సర్క్యూట్ బోర్డు దగ్గర అది ఇంకెంత అవుతుందో ఊహించుకోవచ్చు. పవర్ సప్లై బోర్డులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్ పనిలో అందరూ వాడే లెక్క. ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్లు వేడికి త్వరగా మసకబారతాయి, ఓఎల్‌ఈడీ ప్యానెల్‌లోని సేంద్రియ పొరలు వేడికి మరింత త్వరగా అరుగుతాయి. ఈ నష్టమేదీ మొదటి రోజే కంటికి కనబడదు. అందుకే ‘నెల రోజులుగా నడుస్తోంది, ఏమీ కాలేదు’ అని ఎవరైనా భరోసా ఇస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇక కొలత సంగతి. గోడ మీద చెయ్యి పెట్టి ‘గోరువెచ్చగానే ఉంది’ అనుకోవడం చాలా మంది చేసే పని, కానీ చెయ్యి ఇక్కడ నమ్మదగిన సాధనం కాదు. 42, 43 డిగ్రీల గోడ మనకు హాయిగానే తగులుతుంది, టీవీకి మాత్రం అప్పటికే హద్దు దాటి ఉంటుంది. మామూలు డిజిటల్ థర్మామీటర్‌ను, వీలైతే తీగ చివర సెన్సర్ ఉన్నదాన్ని, టీవీ కింది అంచు ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడ, గోడకు ఆనకుండా రెండు మూడు సెంటీమీటర్లు ఎడంగా ఉండేలా టేపుతో అతికించండి. రెండోది ఉంటే టీవీ మధ్యభాగం వచ్చే చోట పెట్టండి. చలి బాగా ఉన్న రోజున మీరు మామూలుగా ఎలా వాడతారో అలా, బ్లోయర్ (వేడిగాలిని గదిలోకి తోసే ఫ్యాన్) వాడే అలవాటుంటే అదీ ఆన్ చేసి, మంటను పూర్తిగా పెంచి కనీసం మూడు నాలుగు గంటలు నడపండి. మొదటి అరగంటలో కనిపించే అంకెకు విలువ లేదు, ఎందుకంటే గోడ అప్పటికి ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. ఇటుక లేదా రాతి గోడ అయితే మంట ఆర్పిన తర్వాత కూడా ఓ గంట పాటు చూస్తూ ఉండండి, లోపల నిలవైన వేడి అప్పుడు కూడా పైకి వస్తూనే ఉంటుంది. పిస్తోలులా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గోడ ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది, గాలి వేడిని చెప్పదు; పైగా మెరిసే లోహం మీద తప్పుడు అంకె చూపిస్తుంది.

వేడిగాలి ఏ దారిన పోతోందో చూడటానికి నేను ఒక సన్నని దారాన్ని పొడవాటి కర్ర చివర కట్టి ఫైర్‌ప్లేస్ పైన పట్టుకునేవాణ్ని. మాంటెల్ లేనప్పుడు ఆ దారం పైకి లేచి, అతికించినట్టుగా గోడకు ఆనుకునే ఉండేది. గాజు పలక పైన ఉన్న చీలికలోంచి బయటికొచ్చే వేడిగాలి గదిలోకి రాకుండా గోడనే పట్టుకుని పైకి పాకుతుందన్నమాట. టీవీ వెనుక భాగానికి తగిలేది సరిగ్గా ఆ గాలే. ఆ స్థితిలో టీవీ అంచు రావాల్సిన చోట థర్మామీటర్ 46 డిగ్రీలు చూపించింది. పాతిక సెంటీమీటర్ల వెడల్పున్న అర బిగించాక అదే చోట 33 డిగ్రీలకు దిగింది, దారం అర కింది నుంచి గది వైపుకు తిరిగి, అర అంచు దాటాక పైకి లేచింది. వాన నీటిని చూరు గోడకు దూరంగా విడిచినట్టే మాంటెల్ వేడిగాలిని గోడకు దూరంగా విడుస్తుంది. టీవీని కాపాడే పనిలో ముప్పావు వంతు దీనితోనే అయిపోతుందని నా అభిప్రాయం. అయితే మీ ఇంట్లో ఇవే అంకెలు వస్తాయని అనుకోకండి. మోడల్ మారితే, పైకప్పు ఎత్తు మారితే అంతా మారిపోతుంది.

మాంటెల్ విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, అది చెక్కదైతే ఫైర్‌ప్లేస్ నోటికి ఎంత ఎత్తులో ఉండాలో ఫైర్‌ప్లేస్ మాన్యువల్‌లో పట్టికగానో బొమ్మగానో ఇస్తారు. అర ఎంత ఎక్కువ ముందుకు పొడుచుకొస్తే అంత ఎక్కువ ఎత్తులో ఉండాలన్నది ఆ పట్టికల సూత్రం. ఇది టీవీ భద్రతకు సంబంధించినది కాదు, ఇల్లు అంటుకోకుండా చూసే నియమం, కాబట్టి ఒక్క సెంటీమీటరు కూడా బేరం లేదు. రాయి, కాంక్రీటు, లోహం వంటి మండని పదార్థానికి సాధారణంగా ఆ ఎత్తు తక్కువగా ఉంటుంది, అయినా మాన్యువల్ ఏమంటుందో చూసి తీరాలి. రెండోది, అర అంచు టీవీ ముఖం కన్నా బాగా ముందుకు ఉండాలి. పది సెంటీమీటర్ల సన్నని అలంకార పట్టీ పెట్టి, దాని మీద చాచే బ్రాకెట్‌తో టీవీని ముందుకు లాగితే, అర పక్కకు తప్పించిన గాలి తిరిగి టీవీ కింది అంచుకే తగులుతుంది. ఇక్కడ గోడకు దగ్గరగా ఉండే బ్రాకెట్టే మేలు, కానీ వెనుక గాలి ఆడేంత సందు మాత్రం వదలాలి. గోడలో గూడు చేసి టీవీని లోపలికి దించడం చూడటానికి బాగుంటుంది, నేరుగా వచ్చే గాలి నుంచి కొంత రక్షణా ఉంటుంది. అయితే పైభాగం మూసుకుపోతే టీవీ సొంత వేడే అందులో నిలిచిపోతుంది కనుక నాలుగు వైపులా పది సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలి.

ఫాయిల్ ఎందుకు వద్దన్నానంటే, ఇక్కడ ప్రధాన సమస్య గోడ నుంచి ప్రసరించే వేడి కాదు, కింది నుంచి ఎక్కే గాలి. ఫాయిల్ ఆ గాలిని ఆపదు, ఉన్న రంధ్రాలను మూస్తుంది, పైగా కరెంటు ప్రవహించే లోహం కాబట్టి ఊడి లోపలికి జారితే షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చు. ఇన్సులేషన్ షీట్లదీ ఇదే కథ. టీవీ వెనుక చిన్న ఫ్యాన్లు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. ఫ్యాన్ తనకు అందిన గాలినే తోస్తుంది, అందేది వేడిగాలే అయినప్పుడు దానివల్ల వచ్చే లాభం స్వల్పం. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది ఫైర్‌ప్లేస్ గాలి చీలికను పలకతోనో టేపుతోనో మూయడం. టీవీ చల్లగా ఉండొచ్చు గానీ ఫైర్‌ప్లేస్ లోపల వేడి హద్దు మీరుతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

కొన్ని గ్యాస్ మోడళ్లకు వేడిని దారి మళ్లించే ఏర్పాటు ఉంటుంది. మంట పెట్టె పైభాగం నుంచి గొట్టాల ద్వారా వేడిగాలిని పక్క గోడకో, పైకప్పు దగ్గరికో తీసుకెళ్లి అక్కడ వదులుతారు. మీ మోడల్‌కు తయారీదారు అలాంటి కిట్ ఇస్తుంటే, గోడ తెరిచే ఉద్దేశం మీకుంటే, అన్నిటికన్నా మంచి మార్గం అదే. సొంతంగా గొట్టాలు కొని అమర్చే పని మాత్రం కాదిది.

మీది గ్యాస్‌దే అయినా, ఇదే సందేహంతో వచ్చేవారి కోసం మిగతా రకాల గురించి క్లుప్తంగా రాస్తాను. ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్‌లో హీటర్ గాలి ముందు వైపు కింది నుంచి వస్తే పెద్దగా ఇబ్బంది ఉండదు, వేడి లేకుండా మంట బొమ్మను మాత్రమే వెలిగించుకునే సౌకర్యం కూడా చాలా వాటికి ఉంటుంది. ఇథనాల్ బర్నర్‌కు పొగగొట్టం ఉండదు కాబట్టి వేడంతా గదిలోకే, అందులోనూ నేరుగా పైకే పోతుంది. దాని పైన టీవీ పెట్టకండి. కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్‌లో మంట అదుపులో ఉండదు, సన్నని మసి టీవీ రంధ్రాల్లోకి చేరుతుంది. అలాంటి ఇంట్లో నేనైతే పక్క గోడనే ఎంచుకుంటాను.

వైర్ల సంగతి చాలా మంది చివర్లో ఆలోచిస్తారు. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే పనికొస్తుంది. చిమ్నీ లోపల నుంచి గానీ, మంట పెట్టె చుట్టూ వదలాల్సిన ఖాళీలోంచి గానీ వైర్లను ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్ వంటి వాటిని అర మీద పేర్చకుండా పక్కనున్న అల్మారాలో పెట్టి, పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్ వాడితే వాటికీ మంచిది. గోడలో డ్రిల్ చేసే ముందు వెనుక ఏముందో తెలుసుకోండి. చెక్క ఫ్రేము గోడ అయితే లోపల లోహపు పొగగొట్టం ఉండొచ్చు, దానికి రంధ్రం పడితే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. బిగించేవాడు ‘ఏం కాదు’ అన్నా సరే, ఫైర్‌ప్లేస్ కాగితాల్లో ఉన్న కొలతలు చూపించి పని మొదలుపెట్టించండి.

కిందికి లాగే బ్రాకెట్ గురించి కూడా ఆలోచిస్తూ ఉండి ఉంటారు, ఎందుకంటే ఫైర్‌ప్లేస్ పైన టీవీ ఎప్పుడూ మెడ నొప్పి తెప్పించేంత ఎత్తులోనే ఉంటుంది. మంట ఆరిపోయి, గాజు చల్లబడ్డాక వాడుకుంటే అది చాలా సుఖంగా ఉంటుంది. మంట వెలుగుతుండగా కిందికి లాగితే మాత్రం మాంటెల్ అడ్డు పూర్తిగా పోయి, టీవీ సరిగ్గా వేడిగాలి మధ్యలో నిలబడుతుంది.

నేను పెట్టుకున్న హద్దు ఇది: నాలుగు గంటల మంట తర్వాత టీవీ అంచు దగ్గర గాలి 35 డిగ్రీల లోపుంటే బిగించవచ్చు, 35కూ 40కీ మధ్య ఉంటే మాంటెల్‌ను వెడల్పు చేసి మళ్లీ కొలవాలి, మాంటెల్ బిగించాక కూడా 40 దాటితే ఆ గోడను వదిలేయాలి. మీ ఫైర్‌ప్లేస్‌కు గాలి చీలిక గాజు పైన ఉందో కింద ఉందో, గోడ ఇటుకదో ఫ్రేముదో, థర్మామీటర్ ఎంత చూపించిందో ఇక్కడే రాయండి. మాంటెల్ వెడల్పు ఎంత ఉంటే బాగుంటుందో అప్పుడు ఇంకాస్త నికరంగా చెప్పగలను.