నాలుగెకరాల్లో ఒకే అరటి వేయకు

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. నాలుగెకరాల్లోనూ గ్రాండ్ నైన్ రకం అరటి, అదీ ల్యాబ్‌లో పెంచిన టిష్యూకల్చర్ మొక్కలే వేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గెలలన్నీ ఒకేసారి కోతకొస్తాయి, నిజమే. ఆ ఒకేసారి అనేదే నాకు టెన్షన్.

మనం తినే అరటిలో మొలిచే గింజ ఉండదు. పిలకైనా ల్యాబ్ మొక్కైనా తల్లికి అచ్చు నకలే. గట్టు మీద కొబ్బరి అలా కాదు. పొడుగు రకంలో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకి చేరుతుంది కాబట్టి ఏ కాయ గుణం దానిదే. ఒకే చెట్టు కాయలు నాటినా ఒకటి విరగ్గాస్తుంది, ఇంకోటి విసిగిస్తుంది. కానీ కొత్త తెగులొస్తే వాటిలో కొన్నైనా నిలబడే వీలుంది. అరటికి ఆ వీల్లేదు. ఒక మొక్కని చంపే తెగులు తోటంతా చంపగలదు.

గ్రోస్ మిషెల్ అని ఒక రకం ఉండేది. లాటిన్ అమెరికా నుంచి ఎగుమతయ్యే అరటి దాదాపు అదే. మట్టిలో ఉండే బూజు వల్ల వచ్చే పనామా తెగులు తగిలి 1960ల నాటికి ఆ వ్యాపారం ఊడ్చిపెట్టుకుపోయింది. దాన్ని తట్టుకుందనే కావెండిష్‌ని తెచ్చారు. నీ గ్రాండ్ నైన్ ఆ కుటుంబమే. మన అమృతపాణిని దెబ్బతీసిందీ ఆ తెగులే. ఇప్పుడు కావెండిష్‌నీ చంపే టీఆర్4 అనే కొత్త రకం పనామా తెగులు బయల్దేరింది, బిహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో కనబడింది కూడా. మందు కొడితే పోదు, మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. టిష్యూకల్చర్ మొక్క తెగులు లేకుండా వస్తుందంతే, తట్టుకునే శక్తి దానికి కొత్తగా రాదు.

రెండెకరాలే గ్రాండ్ నైన్ వెయ్యి. ఒకటిన్నరలో కర్పూర చక్కెరకేళి, మిగతా అరెకరం కూరకి వాడే బొంత అరటి. ఇవీ పిలకల మొక్కలే, అయినా రకాలు వేరు గనక ఒకే దెబ్బకి అన్నీ పడిపోయే భయం తక్కువ. బొంతకి రేటు రాదని సణగకు.

బయటి రాష్ట్రాల పిలకలు తేకు. ముదురాకులు అంచుల నుంచి పసుపెక్కి, కాడ దగ్గర విరిగి మాను చుట్టూ వేలాడితే ఆ మానుని అడ్డంగా కోసి చూడు. లోపల ఎర్రగోధుమ మచ్చలు వరసగా కనబడ్డాయా, ఆ మడి నీళ్లు పక్క మడిలోకి పారనీయకు. ఆ కత్తి, ఆ పార ఇంకోచోట దించకు. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లకి చూపించు. ఆ తోట పిలకలు ఎవరడిగినా, మొహమాటానికి కూడా ఇవ్వకు.

మీ మావయ్య