ఈ వాక్యానికి కర్త ఎవరమ్మా?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన "పర్యావరణ సమస్యలు, వ్యక్తిగా నా బాధ్యత" అనే వ్యాసం, దానితో పాటు నాలుగు ప్రశ్నలు రాసిన ఉత్తరం అందాయి. పద్నాలుగు పేజీల వ్యాసాన్ని మొదటిసారి చదివినప్పుడు చిరాకు కలిగి ఆరో పేజీ దగ్గర పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీస్తే తొమ్మిదో పేజీలో ఒక వాక్యం నన్ను నిలబెట్టేసింది. ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను. కొత్తవాళ్ల రచనలకు జవాబు రాయడం దాదాపు మానుకున్న నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ వాక్యమే.

ప్లాస్టిక్ సంచులు మానాలని చెప్పే పేరాకూ, ఇంటికో మొక్క నాటాలని చెప్పే పేరాకూ మధ్య, కుండలీకరణాల్లో, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుగా ఇలా రాశావు: "పండగనాడు మా నాయనమ్మ దేవుడి దగ్గర పెట్టే రాగిచెంబులో టిన్ను నీళ్లు పోసి, కొల్లేటి వైపు తిరిగి దండం పెట్టుకుంటుంది." ఆ వెంటనే మళ్లీ "మానవాళి మనుగడ" మొదలైంది. ఇన్ని పేజీల్లో నువ్వు నీ కళ్లతో చూసి రాసిన వాక్యం ఇదొక్కటే, దాన్నే తీసుకెళ్లి కుండలీకరణాల్లో దాచావు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల రాసిన వ్యాసంలో కొల్లేరు కనబడింది ఆ ఒక్కచోటే. తక్కినదంతా ప్రతి జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, పత్రికల ప్రత్యేక సంచికల్లో వచ్చేదే. అది నువ్వు రాసినా, నీ పక్క బెంచీ విద్యార్థి రాసినా ఒకటే.

నీ క్రియల కింద పెన్సిలుతో గీతలు గీశాను. "నదులు కలుషితమవుతున్నాయి", "చెరువులు ఆక్రమణకు గురవుతున్నాయి", "సరస్సులు కుంచించుకుపోతున్నాయి", "జీవజాలం అంతరించిపోతోంది." ఈ వాక్యాల్లో దెబ్బ తిన్నవన్నీ ఉన్నాయి, దెబ్బ కొట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మన తెలుగు క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి. చెరువు పూడింది, చెరువును పూడ్చారు. గట్టు తెగింది, గట్టును తెంచారు. నీరు మారింది, నీటిని మార్చారు. చేపలు చచ్చాయి, చేపలను చంపారు. ఒకే ధాతువు నుంచి వచ్చిన ఈ రెండు రూపాలకూ మధ్య ఒకటి రెండక్షరాల తేడా ఉంటుంది, మనిషి ఉండేది ఆ తేడాలోనే. మొదటి రూపం వాడిన ప్రతిసారీ ఒక మనిషి నీ వాక్యంలోంచి లేచి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతాడు. నేను నలభై ఏళ్లుగా పట్టుకుని వేలాడుతున్న నమ్మకం ఇదొక్కటే: నీరు, నేల, గాలి గురించి రాసే ప్రతి వాక్యానికీ కర్త ఉండి తీరాలి. శైలి, ఉపమానాలు, పదసంపద అన్నీ దాని తర్వాతే.

ఐదో పేజీలో కర్తను పెట్టావు గానీ తప్పు కర్తను పెట్టావు. "2024 సెప్టెంబరులో ప్రకృతి ప్రకోపించి విజయవాడను ముంచెత్తింది" అన్నావు. ఆ వర్షం మామూలు వర్షం కాదన్న మాట నిజమే. అయినా బుడమేరుకు ఎవరి మీదా కోపం లేదు. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ పక్కగా పారి, చివరికి మీ కొల్లేటిలో కలిసే వాగు. దాని వరదను కృష్ణలోకి మళ్లించడానికి మనుషులు ఒక కాలువ తవ్వారు, ఆ కాలువ కట్టలకే గండ్లు పడ్డాయి. వాగు పాతదారి పొడుగునా ఇళ్ల స్థలాలు వేశారు. సింగ్‌నగర్ వంటి పేటల్లో జనం రోజుల తరబడి నడుములోతు నీళ్లలో గడిపారు. ఆ కాలువ ఎంత నీటిని మోయగలదని ఎవరు లెక్కగట్టారు, ఆ స్థలాలకు ఎవరు అనుమతిచ్చారు, ఎవరు లాభానికి అమ్మారు, వేరే చోట కొనే స్తోమత లేక అక్కడ ఎవరు కొన్నారు? ఇవన్నీ వేరు వేరు మనుషుల పనులు. "ప్రకృతి" అనే ఒక్క మాటతో నువ్వు వాళ్లందరినీ ఒకేసారి విడిచిపెట్టేశావు, చివరి ప్రశ్నలోని పేదవాణ్ణి కూడా కలుపుకుని. పతాకశీర్షికలు రాసేవాళ్లకు "ప్రకృతి కన్నెర్ర" అనడం చాలా తేలిక. ప్రకృతి పత్రికకు లాయరు నోటీసు పంపదు, ప్రకటనలు ఇవ్వడం ఆపదు.

ఈ మాట నాకు ఎవరు నేర్పారో చెబుతాను. 1983లో నేను ఒక రైసు మిల్లులో గుమస్తాగా పనిచేసేవాణ్ణి. మా ఊరి పక్కన పారే మురుగు కాలువలో చేపలు చస్తున్నాయని విని, వరుసగా ఏడు ఆదివారాలు తెల్లవారుజామునే ఆ గట్టు వెంట నడిచాను. చీకటి విడీవిడకముందే చేపలు పైకి తేలి, నోళ్లు తెరుచుకుని, నీటి పైపొరను కొరుకుతున్నట్టు కదిలేవి. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అవి అలా చేస్తాయని అప్పటికి నాకు తెలియదు. ఎండెక్కేసరికి తెల్లటి పొట్టలు పైకి తిరిగేవి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి అన్నిటికన్నా చివరిదాకా నిలుస్తుంది. నాలుగో ఆదివారం కొర్రమీను కూడా తేలింది. నాతో నడుస్తున్న వలకారి పెద్దాయన దాన్ని ఎత్తి, మొప్ప విప్పి, లోపల పేరుకున్న జిగట బురదను వేలితో తీసి చూపించి, "ఇది చావలేదు బాబూ, చంపారు" అన్నాడు. ఎవరు చంపారో కూడా చెప్పాడు. ఏ ఫ్యాక్టరీ గొట్టం ఏ రాత్రి తెరుచుకుంటుందో అతనికి తెలుసు, ఆ తర్వాతి ఆదివారాల్లో నేనూ చూశాను.

చూసినదంతా ఒక వ్యాసంగా రాసి, పదకొండుసార్లు తిరగరాసి ఒక వారపత్రికకు పంపాను. మూడు నెలలకు అచ్చయింది. ఫ్యాక్టరీ పేరు తీసేశారు, గొట్టం తీసేశారు, పెద్దాయన మాట తీసేశారు. "మురుగునీరు కలవడం వల్ల మత్స్యసంపద నశించిపోతున్నది" అన్న వాక్యం నా పేరు కింద వచ్చింది. చివర నేను రాయని పేరా ఒకటి చేర్చారు, అందులో ప్రజలందరూ చైతన్యవంతులు కావాలని ఉంది. బస్సెక్కి వెళ్లి సంపాదకుణ్ణి అడిగితే, "పేర్లు రాస్తే అది వ్యాసం కాదు, ఫిర్యాదు అవుతుంది" అన్నాడు. అది నాకు నొప్పి కలిగించింది గానీ అసలు దెబ్బ అక్కడ తగలలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో ఆ పత్రిక చదివి వినిపిస్తే, ఆ పెద్దాయన చివరిదాకా విని, "అంతా బాగానే రాశావు బాబూ, వాళ్ల పేరేది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఎందరో సంపాదకులు "పాఠకుడికి ఆశ కలిగించండి, చివర పది సూచనలు ఇవ్వండి" అని నా వ్యాసాలు తిప్పి పంపారు. నీ వ్యాసం చివర సరిగ్గా పది సూచనలు కనబడగానే నా చేయి వణికింది. ఆ సంపాదకులు నిన్ను ఎన్నడూ చూడకుండానే నీ చేత కూడా రాయించగలిగారు.

పేరు రాయమంటే నోటికొచ్చిన పేరు రాయమని కాదు. ఏ తేదీన, ఏ వేళకు, ఏ గట్టు మీద నిలబడి ఏం చూశావో నీ పుస్తకంలో ఉండాలి. ఇద్దరు చెప్పాలి, వీలైతే కాగితం ఉండాలి. ఆధారం లేని పేరు కర్త లేని వాక్యం కన్నా హీనం.

రాజ్యాంగాన్ని ఉదహరించావు, సంతోషం. కానీ సగమే ఉదహరించావు. 51ఏ(జి) అధికరణం అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన సహజ పరిసరాలను కాపాడడం ప్రతి పౌరుని విధి అంటుంది. 1976లో దాన్ని రాజ్యాంగంలో చేర్చిన 42వ సవరణే 48ఏ అనే అధికరణాన్ని కూడా చేర్చింది. పర్యావరణాన్ని కాపాడి మెరుగుపరచడానికి, అడవులనూ వన్యప్రాణులనూ సంరక్షించడానికి రాజ్యం ప్రయత్నించాలని అది చెబుతుంది. ఒక సవరణ, రెండు వాక్యాలు, ఇద్దరు కర్తలు. నువ్వు పౌరుణ్ణి మాత్రం బోనులో నిలబెట్టి, రెండో కర్త సంగతి ఎత్తలేదు. ట్యూబులైటు ఆర్పడం, గుడ్డసంచి పట్టుకెళ్లడం, కుళాయి కట్టెయ్యడం అన్నీ మంచి పనులే, నేనూ చేస్తాను. కానీ మీ నాయనమ్మ ఎన్ని గుడ్డసంచులు పట్టుకెళ్తే ఆ చెంబులోకి కొల్లేటి నీళ్లు తిరిగొస్తాయి?

ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వస్తున్నాను. మీ నాన్నగారు చేపల చెరువు మీద పనిచేస్తారని ఉత్తరంలో రాశావు, వ్యాసంలో రాయలేదు. ఎందుకు రాయలేదో ఊహించగలను. నేను కర్తను వెతకమన్నప్పుడు నీకు ముందు కనబడేది తవుడు బస్తాలకు చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకు కడుతున్న మీ నాన్నగారే. అందుకే నువ్వు "మానవుడి అత్యాశ" అనే మాట వెనక దాక్కున్నావు. దాక్కోవద్దు. ఆయన్ని ఆ కర్రల దగ్గరే ఉంచి రాయి, అయితే ఆయన దగ్గరే ఆగిపోకు.

కొల్లేటిలో కర్తల వరుస పెద్దది. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకార సంఘాలను పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఆ చెరువుల్లో చాలావాటిని డబ్బున్న బయటివాళ్లు లీజు పేరుతో చేతుల్లోకి తీసుకున్నారు. వరిచేలు పోయి గట్లు వచ్చాయి, దోనెలు తిరిగే దారులు మూసుకుపోయాయి. ఏలూరు, గుడివాడ, విజయవాడ పట్టణాలు తమ మురుగును కాలువల్లోకి వదిలాయి. డెల్టా రైతులు చల్లిన ఎరువులూ పురుగుమందులూ ఆ కాలువల వెంటే దిగాయి. సరస్సు నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, దాన్ని పూడికా ఆక్రమణలూ ఇరుకు చేశాయి. ఎండాకాలంలో మట్టం పడిపోతే అదే దారిన ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల అయింది. 2006లో ప్రభుత్వం యంత్రాలు దించి చెరువుల గట్లు తెంచింది. లీజుదారుడు వేరే ఊళ్లో వేరే వ్యాపారం చూసుకున్నాడు, గట్టు మీద కూలి చేసుకునేవాడు వలసపోయాడు. రెండేళ్లకు, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. గట్లు మళ్లీ లేచాయి.

ఈ వరుసలో మీ నాన్నగారి చోటు ఎక్కడో నిజాయితీగా నిలబెట్టి రాస్తే అది ఆయన మీద నేరారోపణ కాదు. ఆయనకు రోజుకూలి ఎంత, చెరువు ఎవరి పేరున ఉంది, పంట డబ్బు ఏ ఊరికి పోతుంది, చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ నీటిని ఎటు వదులుతారు? ఆయన్నే అడుగు. కోపగించుకుంటే మరో రోజు అడుగు. ఈ ప్రశ్నలకు జవాబులు నాకు తెలియవు, ఏ సంపాదకుడికీ తెలియవు. నీకు మాత్రమే అందుబాటులో ఉన్న జ్ఞానం అది, దాన్ని వదిలేసి నువ్వు అమెజాన్ అడవుల గురించి మూడు పేజీలు రాశావు.

వ్యక్తి ఏం చేయగలడని కదా నీ వ్యాసం ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను, చూడు. ఏడాది పొడుగునా నీరు నిలిచి, చుట్టుపక్కల ఊళ్ల వరికీ చేపలకూ గొడ్లకూ ఆధారమైన ఆ నేలను, థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం కాగితాల మీద బంజరుగా చూపించారు. అక్కడి రైతులూ మత్స్యకారులూ "ఇది బంజరు కాదు, బీల" అని తమ మాట మీద నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఒక నేలను దాని సొంత పేరుతో పిలవడం కూడా వ్యక్తి చేయగలిగిన పనే, దానికి ఎంత ఖరీదు కట్టవలసి వచ్చిందో కూడా చూడు. సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసి వస్తే, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అక్కడ లేచి మాట్లాడిన ప్రతి మాటా నమోదు కావాలి. నీ పది సూచనల్లో ఇవి ఒక్కటీ లేవు. మీ ఊరి గ్రామసభకు నువ్వు ఎప్పుడైనా వెళ్లావా?

ఈ వ్యాసాన్ని పోటీకి పంపవచ్చా అని అడిగావు. పంపవద్దు. బహుమతి వస్తుందేమో కూడా, అందుకే మరీ గట్టిగా వద్దంటున్నాను. ఒకసారి చప్పట్లు పడిన తరహాను మానుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నీ ప్రతిని పెన్సిలు గీతలతో తిప్పి పంపుతున్నాను. పద్నాలుగు పేజీలూ పక్కన పెట్టి, ఆ కుండలీకరణాలు తీసేసి, ఆ వాక్యంతో మొదలుపెట్టు. రాసే ముందు నాయనమ్మ పక్కన కూర్చో. ఆ రాగిచెంబును ఆమె కొల్లేటిలో చివరిసారి ఏ ఏట ముంచింది, ఏ రేవులో ముంచింది, ఆ రేవు పక్కన అప్పుడు గట్టు వేస్తున్నది ఎవరు? ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే, ముందు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో.