అంటించకండి, కట్టండి: ఏరుకొచ్చిన కొమ్మలతో, దాచుకున్న లేసులతో వసంతపు అలంకరణలు

నడకకు వెళ్ళినప్పుడు ఏరుకొచ్చిన కొమ్మలు, ఎండుకాయలు, ఆకులు ఒక సంచిలో ఉన్నాయి, అమ్మమ్మ నాటి లేసులు, బొత్తాలు, చీర అంచులు ఒక పెట్టెలో ఉన్నాయి, రెండూ కలిపి వసంతానికి ఇంటిని అలంకరించాలి, కానీ నిరుడు చేసినవి నెల తిరక్కుండానే కొన్ని బూజు పట్టి, కొన్ని ఊడిపడి పాడయ్యాయి, ఈసారి ఏం జాగ్రత్త తీసుకోవాలి అని అడిగారు. పదకొండేళ్ళుగా ఏటా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంతా రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీ సంచిలో ఉన్నది మళ్ళీ దొరుకుతుంది. పెట్టెలో ఉన్నది దొరకదు. కొమ్మ విరిగితే వచ్చే ఏడు ఇంకో కొమ్మ తెచ్చుకుంటాం. లేసు చిరిగితే దాన్ని అల్లిన చేతులు ఇప్పుడు లేవు. అందుకని ఈ రెండిటినీ ఎప్పుడంటే అప్పుడు విడదీసుకోగలిగేలా కలపాలి. అంటే జిగురు వద్దు. కట్టండి, కుట్టండి, చుట్టండి, ముడివేయండి.

మొదటి ఏడాది నేనూ గ్లూ గన్‌తోనే మొదలుపెట్టాను. నాయనమ్మ క్రోషే సూదితో అల్లిన లేసు ఒకటి ఉండేది, మూడు వేళ్ళ వెడల్పు, మూరెడు పొడవు. దాన్ని తీగలతో చేసిన వలయం చుట్టూ తిప్పి, అక్కడక్కడా వేడి జిగురు చుక్కలు పెట్టి, ఎండ బాగా పడే కిటికీకి తగిలించాను. ఆ జిగురు పూర్తిగా కరగాలంటే చాలా వేడి కావాలి కానీ, మెత్తబడడానికి ఎండలో ఉన్న గాజు చాలు. వారం తిరిగేసరికి వలయం మీది ఎండుకాయలు ఒక్కొక్కటే రాలిపోయాయి. లేసు మాత్రం రాలలేదు. జిగురు దాని కన్నాల్లోకి దిగి మళ్ళీ గట్టిపడింది. గోటితో మెల్లగా గిల్లుతుంటే దారం తెగింది. అల్లిక లేసులో ఒక దారం తెగితే పక్క కుట్టు వదులవుతుంది, దాని పక్కది జారుతుంది. జానెడు లేసు నా చేతుల్లోనే విడిపోయింది. ఆ రోజు పడ్డ బాధ ఇంకా గుర్తుంది. మిగిలిన ముక్కను ఇప్పటికీ ఏటా వాడుతున్నాను, దాని సంగతి కింద చెబుతాను.

ఇక బూజు విషయం. దానికి కారణం తేమ ఒక్కటే. నేల మీద దొరికిన కాయ పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. అలాంటిదాన్ని బట్టతో చుట్టి గోడకు తగిలిస్తే బూజు కాయతో ఆగదు, బట్టకూ పాకుతుంది. తెచ్చినవాటిని కాగితాల మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, గాలి ఆడే నీడలో కనీసం రెండు వారాలు ఉంచండి. ఎండిందో లేదో చేత్తో చూస్తే తెలియదు. నేను వంటింటి త్రాసు మీద తూస్తాను. వరుసగా మూడు రోజులు బరువు తగ్గకపోతే ఎండినట్టే. ఈ చిన్న అలవాటుతో నాకు బూజు బెడద దాదాపు పోయింది.

పురుగు ఉందేమో చూడాలంటే కొమ్మను తెల్ల కాగితం మీద తట్టండి. సన్నటి పొడి రాలితే లోపల పుప్పి పురుగు ఉన్నట్టు. అలాంటి కొమ్మను నేనైతే వదిలేస్తాను. మిగతావాటిని గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచుతాను. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగితే తేమ కవరు పైన పడుతుంది, లోపలి వస్తువు మీద కాదు. పైన్ కాయలైతే ఓవెన్‌లో 90 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య అరగంట పెట్టండి, పక్కనే ఉండి చూసుకోండి. వానకు తడిసి ముడుచుకున్న పైన్ కాయ పాడైందనుకుని పారేయొద్దు. దాని రెక్కల్లో రెండు పొరలు తేమకు వేర్వేరుగా ఉబ్బుతాయి, అందుకే తడిస్తే మూసుకుంటుంది, ఎండితే విచ్చుకుంటుంది.

వసంతం అనగానే అందరూ పూల మీద పడతారు. నాకు మాత్రం ఆకు ఈనెల జాలీ అంటే ప్రాణం. చిన్నప్పుడు రావి ఆకును పుస్తకంలో దాచుకుంటే ఎప్పటికో కండ రాలి ఈనెలు మిగిలేవి, గుర్తుందా? అదే పనిని మూడు నాలుగు వారాల్లో చేయొచ్చు. లేత చిగురు పనికిరాదు, బ్రష్ తగలగానే ఈనెలు తెగుతాయి. బాగా ముదిరిన, మందమైన, చిల్లులు లేని ఆకులు తీసుకుని వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి ముంచండి. పైకి తేలకుండా ఒక ప్లేటు బోర్లించండి. వాసన వస్తుంది కాబట్టి ఇంటి బయట పెట్టుకోండి. వాసన వస్తోంది కదా అని రోజూ నీళ్ళు మార్చకండి, పని చేసేది ఆ నీళ్ళలోని సూక్ష్మజీవులే. ఆకు కండలోని కణాలను కలిపి ఉంచే పెక్టిన్‌ను అవి తినేస్తాయి. ఈనెల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది కాబట్టి అవి మిగులుతాయి.

మూడో వారం చివర ఆకు వేళ్ళ మధ్య జారినట్టు అనిపిస్తుంది. అప్పుడు దాన్ని పళ్ళెంలో, వేలు మందం నీళ్ళలో పరిచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో నడిమి ఈనె నుంచి అంచు వైపుకు తట్టుతూ జరపండి. రుద్దకూడదు. ఆకుపచ్చటి జావలా కండ విడిపోతుంటే కింద నుంచి ఈనెల వల బయటపడుతుంది. మొదట దొడ్డ ఈనెలు, తరువాత వాటి మధ్య కొమ్మలు, ఆ తరువాత వెంట్రుక కన్నా సన్నటి గళ్ళు. ఆ గళ్ళు వచ్చే చోట ఊపిరి బిగబట్టుకుని పని చేస్తాను. మంచి నీళ్ళతో కడిగి, రెండు పీల్చుడు కాగితాల మధ్య పెట్టి, పైన పుస్తకాలు బరువు పెడితే రెండు రోజులకు ఆరుతుంది. అంతకాలం ఆగలేమంటే బట్టల సోడా కలిపిన నీళ్ళలో గంటా రెండు గంటలు సన్నమంట మీద ఉడికించొచ్చు. స్టీలు గిన్నెలోనే చేయండి, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకండి. సోడాతో చేసిన ఆకు పని చేస్తుంది, కానీ సన్న గళ్ళు కొన్ని పోతాయి. నా ఓటు నానబెట్టినదానికే.

పూలకైతే రెండు ముక్కలు చెబుతాను. మంచు ఆరాక, ఎండ ముదరకముందే కోయండి. పల్చటి పూలను కాగితాల మధ్య నొక్కి పెట్టి, మొదటి వారం రోజూ కాగితం మార్చండి. పసుపు రంగు బాగా నిలుస్తుంది, ఎరుపు చాలావరకు గోధుమ రంగుకో ఊదాకో తిరుగుతుంది. ముద్దపూలను గుత్తులుగా కట్టి చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయండి.

ఇప్పుడు మీ పెట్టె విప్పుదాం. ఏ బట్టనైనా ముందు తెల్లటి తడి దూది ముక్కతో ఒక మూల అద్ది చూడండి. రంగు దిగితే ఉతకొద్దు, పొడిగానే వాడండి. దిగకపోతే గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి సబ్బు చాలు. పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. పాత పట్టు విషయంలో మాత్రం తొందరపడకండి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో యూరప్, అమెరికాల్లో పట్టుకు బరువు పెంచడానికి తగరం లాంటి లోహపు లవణాలు పట్టించేవారు. ఆ పట్టు మడతల వెంట దానంతటదే చీలిపోతుంది. మీ ముక్కలో అలాంటి చీలికలు కనిపిస్తే దాన్ని ఎక్కడా వేలాడదీయకండి, గాజు ఫ్రేములో పరిచి పెట్టండి.

పాత ఉత్తరాలు, పాటల పుస్తకాల కాగితాలు వాడాలనుంటే ఫోటోకాపీ తీసి దాన్ని కత్తిరించుకోండి. 19వ శతాబ్దం రెండో సగం నుంచి కాగితం ఎక్కువగా చెక్క గుజ్జుతోనే తయారైంది. ఆకు ఈనెలను కాపాడిన ఆ లిగ్నినే ఇక్కడ వెలుగు తగిలితే పసుపెక్కుతుంది, కాగితం పెళుసుబారుతుంది. అసలు ఉత్తరాన్ని ఎండలో పెడితే ఒక వేసవి చాలు పాడవడానికి. దయచేసి అసలుది తాకకండి.

బొత్తాల్లో ముత్యపు చిప్పతో చేసినవి ఏవో తెలుసుకోవాలంటే చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగులుతాయి, ప్లాస్టిక్ అలా తగలదు. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. వద్దు. పాత బొత్తాల్లో సెల్యులాయిడ్‌వి ఉంటే భగ్గున మండుతాయి.

ఇవన్నీ కలిపి నేను ఏటా చేసేది కిటికీకి ఒక వేలాడే వరస. మోచేతి పొడవున్న, కొంచెం వంపు తిరిగిన కొమ్మ ఒకటి తీసుకుంటాను. బెరడు లేస్తుంటే తీసేస్తాను, గట్టిగా ఉంటే ఉంచుతాను. అయిదు జాలీ ఆకులు. ఒక్కో ఆకు తొడిమకు దగ్గరగా, నడిమి ఈనె పక్కన, సన్న సూదితో నూలు దారం ఎక్కిస్తాను. ఈనె మధ్యలో గుచ్చితే చీలుతుంది, అందుకని దాన్ని చుట్టి రావాలి. దారం బిగించకుండా వదులుగా ఒక ఉచ్చు వేసి, పైకి తీసుకెళ్ళి కొమ్మకు మూడు చుట్లు చుట్టి, లాగితే ఊడే ముడి వేస్తాను. ఒట్టి ఆకు గాలికి మెలికలు తిరుగుతుంది కాబట్టి, ఆకు కొనలోంచి ఇంకో దారం దింపి దానికి చిన్న చిప్ప బొత్తం కడతాను. ఆ కాస్త బరువుతో ఆకు నిటారుగా నిలబడుతుంది. పెద్ద బొత్తం కడితే కొన తెగుతుంది, చొక్కా బొత్తం అంతది చాలు. చివరగా నాయనమ్మ లేసులో మిగిలిన ఆ ముక్కను కొమ్మ మీద పరిచి, దాని కన్నాల్లోంచే దారం పోనిచ్చి నాలుగు చోట్ల కడతాను. కొత్త చిల్లు ఒక్కటీ పడదు. ఎండ ఎక్కువసేపు నేరుగా పడని కిటికీకి తగిలిస్తాను. పొద్దున వెలుగు వచ్చినప్పుడు ఎదురు గోడ మీద ఆకుల నీడా లేసు నీడా పక్కపక్కనే పడతాయి, ఏది ఏదో వెంటనే పోల్చుకోలేం.

వలయం చేయాలంటే తీగలను పచ్చిగా ఉన్నప్పుడే చుట్టండి, ఎండినవైతే రాత్రంతా నానబెట్టండి. మూడు తీగలు ఒకదాని మీద ఒకటి అల్లుకుంటే తీగ కొసలు వాటిలోనే దూర్చేయొచ్చు, ఇనుప తీగ అక్కర్లేదు.

ఏరుకునేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. గురివింద గింజలు ఎంత ముద్దొచ్చినా ఇంట్లో చిన్నపిల్లలుంటే తేవొద్దు, వాటిలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గన్నేరు కూడా అంతే. వయ్యారిభామ తెల్లపూలు గుత్తుల్లో పెట్టడానికి బాగుంటాయి అనిపిస్తుంది, కానీ దాంతో ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పక్షిగూడు ఖాళీగా కనిపించినా తీయకండి, కొన్ని పక్షులు మళ్ళీ అదే గూటికి వస్తాయి. ఈకల విషయంలో మీరున్న చోటి చట్టం చూసుకోండి. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం ఆ పక్షుల ఈక నేల మీద దొరికినా అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. కోడి ఈకలకు ఏ ఇబ్బందీ లేదు. పాత కిటికీ చట్రాలు, చెక్క ముక్కలు వాడేటట్టయితే రంగు పెచ్చులను గరుకు కాగితంతో రుద్దకండి, పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం.

ఇంత పని లేకుండా ఏదైనా కావాలంటే, కత్తిరింపులో పోయే మొగ్గల కొమ్మలు రెండు తెచ్చి, కింది కొన ఏటవాలుగా కోసి, పాత గాజు సీసాలో నీళ్ళు పోసి పెట్టండి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తుంటే ఇంట్లోనే మొగ్గ విచ్చుతుంది. సీసా మెడకు ఒక చీర అంచు ముక్క ముడేస్తే చాలు.

ఋతువు అయిపోయాక నేను అన్నీ విప్పేస్తాను. ముడి కొస లాగితే చాలు, అయిదు నిమిషాల పని. ఆకులు, కొమ్మ మొక్కల మొదట్లోకి పోతాయి. బొత్తాలు డబ్బాలోకి, లేసు తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టెలోకి. మడత పెట్టను, చుట్టగా చుడతాను, మడత పడిన చోటే దారం ముందు తెగుతుంది కాబట్టి.

మీ దగ్గరున్న లేసు నూలుదో నైలాన్‌దో తెలియకపోతే అంచున వేలాడే ఒక దారప్పోగు తీసి పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా అయితే నైలాన్. ఏదో చెబితే దానికి ఇస్త్రీ ఎలా చేయాలో రాస్తాను.