ముప్పై మూడో ఏట నల్లకోటు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై మూడో ఏట లాయరుగా కోర్టులో అడుగుపెడితే, పక్కన ఇరవై మూడేళ్ల పిల్లలు టకటకా వాదిస్తుంటే టెన్షన్‌గా ఉందనీ, సర్వే పనిలో పొలాల వెంట తిరిగిన కాలమంతా దండగైందనీ రాశావు. అది చదవగానే నాకు రోజర్ షెర్మన్ గుర్తొచ్చాడు.

1721లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టాడు. బూట్లు కుట్టేవాడు. కాలేజీ గడప తొక్కలేదు. తోలు కుడుతూనే ఎదురుగా పుస్తకం తెరిచిపెట్టుకునేవాడని చెబుతారు. 1743లో కనెక్టికట్ చేరి, రెండేళ్లకి కౌంటీ సర్వేయరయ్యాడు. అవునమ్మా, నీ పనే! కొట్టు నడిపాడు, పంచాంగాలు అచ్చువేశాడు. 1754లో ప్లీడరయ్యేసరికి ఆయనకీ ముప్పై మూడో ఏడే నడుస్తోంది. తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా సంతకాలు చేసి, 1789లో మొదటి కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, కూర్చున్నాడు.

కాబట్టి పొలాన్ని మర్చిపోకు. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏట నేనొక గట్టు దావా పోగొట్టాను. పొలం కొలవమని కోర్టు పంపిన కమిషనర్ గీసిన నక్షలో ఉత్తరం ఎటుందో చూసుకోకుండా సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం మొదలుపెట్టాను. సాక్షి "ఏ పక్క గట్టు బాబూ?" అనడిగితే, కాగితం అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయాను. నా కక్షిదారుకి అరెకరం పోయింది. ఆ రోజు నీ కళ్లు నాకుంటే పోయేది కాదు. గట్టు కేసు ఏదొచ్చినా ముందు పొలానికెళ్లు, రాళ్లు చూడు, ఆ తర్వాతే దావా రాయి.

మాట ధాటిగా లేదని దిగులుపడకు. షెర్మన్ మాటతీరు చాలా వింతగా ఉండేదని, రాజ్యాంగం రాసిన సభలో తోటి ప్రతినిధి విలియం పియర్స్ రాశాడు. అంత మంచి మనసు, అంత స్పష్టమైన బుర్ర ఇంకెవరికీ లేవనీ ఆయనే రాశాడు.

ఒకసారి ఓడితే ఆ వాదన వదిలేయకు. కాంగ్రెస్ ఎగువ సభైన సెనేట్‌లో పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ సమాన ఓటుండాలని 1787 జూన్ 11న షెర్మన్ ఆ రాజ్యాంగ సభలో అడిగితే, రాష్ట్రాల ఓట్లలో 6–5తో వీగిపోయింది. జూలై 16న 5–4తో నెగ్గింది. రాజ్యాంగ సవరణలను మూలంలో కలపొద్దు, చివర చేర్చాలన్న మాట కూడా అంతే. 1789 ఆగస్టులో మొదట కాదన్న కాంగ్రెస్ దిగువ సభే వారం తిరక్కుండా ఒప్పుకుంది. ఇప్పటికీ అవి చివరే ఉన్నాయి. అయితే బానిసల వ్యాపారం తనకి నచ్చదంటూనే, రాష్ట్రాలు కలిసుండాలని దాన్ని సాగనిచ్చాడు. ఆ రాజీని నేను మెచ్చను. కేసులో దేన్ని వదులుకోవచ్చో, దేన్ని వదులుకోకూడదో ముందే కాగితం మీద రాసుకో.

ఆదివారం ఇంటికి రా. పాత కమిషనర్ రిపోర్టులు కట్ట విప్పి పెడతాను, నక్షలతో సహా. నీ స్కేలు తెచ్చుకో.

మీ మామయ్య